మన్‌హట్టన్‌లోనా, గ్వాంటనామోలోనా?

2009 నవంబరు 13న అమెరికా అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ ఒక ప్రకటన చేశాడు. 2001 సెప్టెంబరు 11 దాడుల కుట్రదారులుగా గ్వాంటనామోలో ఉంచిన ఖాలిద్ షేక్ మొహమ్మద్‌నూ, మరో నలుగురినీ న్యూయార్క్ తీసుకొచ్చి మన్‌హట్టన్ ఫెడరల్ కోర్టులో మామూలు జ్యూరీ ఎదుట విచారిస్తామన్నాడు. జంట భవనాలు కూలిన చోటి నుంచి ఆ కోర్టుకు నడిచి వెళ్ళొచ్చు. అదే రోజు ఇంకో మాటా చెప్పాడు. 2000లో యెమెన్ రేవులో యూఎస్ఎస్ కోల్ యుద్ధనౌకను పేల్చి 17 మంది నావికులను చంపిన కేసులో నిందితుడైన అల్ నషీరీని మాత్రం మిలిటరీ కమిషన్ విచారిస్తుందన్నాడు. జైలు ఒకటే, ఉగ్రవాద సంస్థ ఒకటే, కోర్టులు మాత్రం రెండు రకాలు. సరిగ్గా ఎనిమిదేళ్ళ ముందు, 2001 నవంబరు 13నే, అధ్యక్షుడు బుష్ ఉగ్రవాద నిందితులకు మిలిటరీ కమిషన్లు వేయాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ రోజు మొదలైన తగవు హోల్డర్ ప్రకటనతో రచ్చకెక్కింది.

ఆ తగవును ఇక్కడ ఇద్దరు వాదిస్తారు. ఒకరు సైన్యం న్యాయవిభాగంలో పనిచేసి రిటైరై, సికింద్రాబాద్‌లో స్థిరపడిన కల్నల్. కోర్ట్ మార్షల్ ఎలా నడుస్తుందో లోపలి నుంచి ఎరిగినవాడు. రెండో ఆవిడ నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున వాదించే సీనియర్ న్యాయవాది. పేర్లతో పని లేదు.

కల్నల్: ముందు ఒకటి తేల్చుకుందాం మేడమ్. ఇది నేరమా, యుద్ధమా? జేబుదొంగను పట్టుకుంటే ఎఫ్ఐఆర్ రాస్తారు, ఇద్దరు పంచులను పిలిచి పంచనామా చేస్తారు, పర్సుకు సీలు వేస్తారు. ఆఫ్ఘానిస్తాన్ కొండల్లో కాల్పుల మధ్య దొరికినవాడి విషయంలో పంచులను ఎక్కడి నుంచి తెస్తారు? 1942లో ఎనిమిది మంది జర్మన్ విధ్వంసకులు జలాంతర్గాముల్లో వచ్చి న్యూయార్క్ దగ్గర, ఫ్లోరిడాలో తీరం దిగారు. రూజ్‌వెల్ట్ మిలిటరీ కమిషన్ వేశాడు. సుప్రీంకోర్టు సరేనంది. జూన్‌లో దిగినవాళ్ళలో ఆరుగురికి ఆగస్టు 8న మరణశిక్ష అమలైపోయింది. యుద్ధకాలంలో న్యాయం అలాగే నడుస్తుంది.

న్యాయవాది: ఆ కేసులో మీరు వదిలేసిన వాక్యం ఒకటుంది కల్నల్ గారూ. సుప్రీంకోర్టు సరే అన్నది జూలై ఆఖర్న. ఎందుకు సరే అన్నదో పూర్తి తీర్పు రాసింది అక్టోబరులో, ఆ ఆరుగురూ పోయాక. దాన్ని ఆదర్శంగా చూపించకండి. పైగా ఖాలిద్ షేక్ మొహమ్మద్ దొరికింది కొండల్లో కాదు. 2003 మార్చి 1న తెల్లవారుజామున, రావల్పిండిలో ఒక ఇంట్లో. అక్కడ తుపాకుల మోత లేదు. కావాలనుకుంటే పంచనామా రాసుకోవచ్చు. సివిల్ కోర్టులు తెరిచి ఉన్నచోట పౌరుణ్ణి సైనిక న్యాయస్థానం విచారించకూడదని అమెరికా సుప్రీంకోర్టే 1866లో మిల్లిగన్ కేసులో చెప్పింది.

కల్నల్: మిల్లిగన్ అమెరికా పౌరుడు. వీళ్ళు కారు.

ఇద్దరూ చట్టం దగ్గరే ఆగిపోయారు కాబట్టి చట్టం ఎలా నడిచిందో చెప్పుకోవాలి. గ్వాంటనామో క్యూబా నేల మీద ఉంది. 1903 నుంచి అమెరికా నౌకాదళం దాన్ని కౌలుకు తీసుకుని వాడుకుంటోంది. అమెరికా చట్టం అంటీ అంటనట్టుండే చోటు కావాలనే దాన్ని ఎంచుకున్నారు. 2006 జూన్‌లో, బిన్ లాడెన్ కారు డ్రైవరు హమ్దాన్ వేసిన కేసులో, బుష్ కమిషన్లు చెల్లవని సుప్రీంకోర్టు కొట్టేసింది. కాంగ్రెస్ అనుమతి లేదు, జెనీవా ఒప్పందాలకు విరుద్ధం అన్నది దాని మాట. అదే ఏడాది కాంగ్రెస్ కొత్త చట్టం చేసి కమిషన్లకు ప్రాణం పోసింది. 2008 జూన్‌లో బూమెడియన్ కేసులో కోర్టు ఇంకో దెబ్బ వేసింది. గ్వాంటనామో ఖైదీలు కూడా తమ నిర్బంధాన్ని ఫెడరల్ కోర్టులో ప్రశ్నించవచ్చని 5-4 తేడాతో తేల్చింది. 2009లో చట్టాన్ని మళ్ళీ సవరించారు. హింసించి, క్రూరంగా చూసి రాబట్టిన వాంగ్మూలాలు చెల్లవన్నారు. పరోక్ష సాక్ష్యానికి మాత్రం మామూలు కోర్టు కంటే ఎక్కువ జాగా ఇచ్చారు. జ్యూరీ స్థానంలో సైనికాధికారులు కూర్చుంటారు. మరణశిక్ష కోరే కేసులో కనీసం పన్నెండు మంది ఉండాలి, అందరూ ఒక్క మాట మీద ఉండాలి.

కల్నల్: అంత సవరించాక ఇక అభ్యంతరమేమిటి? చోటు సంగతీ చూడండి. మన్‌హట్టన్ నడిబొడ్డున ఆ అయిదుగురిని నిలబెడితే, భద్రతకే ఏటా 20 కోట్ల డాలర్లకు పైగా అవుతుందని న్యూయార్క్ నగరమే లెక్క కట్టింది. మొదట స్వాగతించిన మేయర్ బ్లూమ్‌బెర్గ్ 2010 జనవరికల్లా వేరే చోటు చూసుకోమన్నాడు. జ్యూరీలో కూర్చునే టీచరు, బస్సు డ్రైవరు తీర్పు చెప్పి ఇంటికెళ్ళాలి కదా. వాళ్ళకు జీవితాంతం కాపలా ఎవరు పెడతారు?

న్యాయవాది: ఆ నగరమే 1993లో ట్రేడ్ సెంటర్‌లో బాంబు పెట్టిన రంజీ యూసెఫ్‌ను విచారించి 240 ఏళ్ళ శిక్ష వేసింది. అప్పుడు ఊరేమీ మునిగిపోలేదు. సెప్టెంబరు 11 కుట్రలోనే ముసావీని వర్జీనియాలో విచారించి 2006లో యావజ్జీవం వేశారు. ఇద్దరూ కొలరాడో జైలుకు చేరారు. భద్రతే సమస్యయితే మన దగ్గర మందు ఉంది. ముంబయి దాడిలో దొరికిన కసబ్‌ను ఆర్థర్ రోడ్ జైల్లోనే కోర్టు పెట్టి విచారించారు. అతని గది నుంచి కోర్టు హాలు దాకా బాంబు తగిలినా చెక్కుచెదరని దారి కట్టారు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళ కేసు చర్లపల్లి జైలు ఆవరణలో నడిచింది. గోకుల్ చాట్, లుంబినీ పార్కు కేసులో తీర్పూ అక్కడే వచ్చింది. కోర్టును జైల్లోకి తీసుకెళ్ళడానికి నాకు పేచీ లేదు. జడ్జి మారకూడదు, సాక్ష్యపు చట్టం మారకూడదు, విలేకరుల కుర్చీ తీసేయకూడదు. అంతే.

ఈ విషయంలో కల్నల్‌కు పెద్దగా జవాబు లేదు. చోటుకు, పద్ధతికి ముడిపెట్టడమే మొత్తం తగవులో బలహీనమైన లింకు. కోర్టు ఎంత దూరాన ఉన్నా దాని నియమాలు మామూలువే కావచ్చు. అమెరికాలో ఆ సంగతి ఎవరూ సావకాశంగా వినలేదు. హోల్డర్ ప్రకటన చేసిన ఆరు వారాలకు, క్రిస్మస్ రోజున, డెట్రాయిట్ వెళ్ళే విమానంలో ఒకడు లోదుస్తుల్లో దాచిన బాంబు పేల్చబోయాడు. దాంతో రాజకీయ గాలి మారింది. 2011 జనవరిలో గ్వాంటనామో ఖైదీలను అమెరికా గడ్డకు తేవడానికి పైసా ఖర్చు పెట్టకూడదని కాంగ్రెస్ చట్టంలో రాసింది. ఏప్రిల్ 4న హోల్డర్ వెనక్కి తగ్గి, కేసును మళ్ళీ కమిషన్‌కు పంపాడు.

కల్నల్: మంచిపనే అయింది. మామూలు కోర్టు ఏం చేస్తుందో ఘయిలానీ కేసులో చూశాం కదా. 1998లో నైరోబీ, దారెస్సలాం రాయబార కార్యాలయాల పేలుళ్ళలో 224 మంది చనిపోయారు. గ్వాంటనామో నుంచి న్యూయార్క్ కోర్టుకు తెచ్చిన మొదటి ఖైదీ అతడే. పేలుడు పదార్థం తానే అమ్మానని చెప్పే సాక్షి ఉన్నాడు. జడ్జి కప్లాన్ అతన్ని బోనెక్కనివ్వలేదు. 2010 నవంబరులో జ్యూరీ 280కి పైగా అభియోగాల్లో ఒకే ఒక్కటి రుజువైందంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

న్యాయవాది: ఆ ఎలుకకు యావజ్జీవం పడింది కల్నల్ గారూ. అది చెప్పరేం? ఇక ఆ సాక్షిని జడ్జి ఎందుకు ఆపాడు? అతని పేరు ఎలా తెలిసిందంటే, ఘయిలానీని సీఐఏ రహస్య జైల్లో పెట్టి ఒత్తిడి చేసి చెప్పించుకున్నారు కాబట్టి. తప్పు కోర్టుది కాదు, అంతకుముందు ఆ గదిలో జరిగిన పనిది. మన పాత సాక్ష్యపు చట్టంలో 25వ సెక్షన్ ఎందుకుంది? పోలీసుకిచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు అని. అది బ్రిటిష్ వాళ్ళు మన మీద జాలితో రాసింది కాదు. ఠాణాలో థర్డ్ డిగ్రీ ఎలా నడుస్తుందో వాళ్ళకు తెలుసు.

కల్నల్: మన ఉగ్రవాద నిరోధక చట్టాలు టాడాలో, పోటాలో ఎస్పీ స్థాయి అధికారికిచ్చిన నేరాంగీకారం చెల్లేది.

న్యాయవాది: చెల్లించుకుని ఏం చేశారు? అక్షర్‌ధామ్ కేసు తీసుకోండి. 2002 సెప్టెంబరులో దాడి. పోటా కింద నేరాంగీకారాలు. ఆరుగురికి శిక్షలు, అందులో ముగ్గురికి ఉరి. 2014 మేలో సుప్రీంకోర్టు ఆ ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. దాడి వెనక ఉన్నవాళ్ళు ఎవరో ఆ కేసులో తేలనే లేదు. అడ్డదారిన తెచ్చిన సాక్ష్యం పై కోర్టుకు వెళ్ళేసరికి చేతిలోనే విరిగిపోతుంది.

సంవాదానికి మూలకందం ఇదే. 2003లో ఖాలిద్ షేక్ మొహమ్మద్‌ను సీఐఏ ముఖానికి గుడ్డ కప్పి, నీళ్ళు పోసి, ఊపిరాడకుండా చేసింది. అలా నీళ్ళు పోయడం 183 సార్లు జరిగినట్టు అమెరికా ప్రభుత్వ పత్రాల్లోనే నమోదై ఉంది. 2006 సెప్టెంబరులో గ్వాంటనామో చేరేదాకా అతనికి లాయరు లేడు, మేజిస్ట్రేటు లేడు. ఆ మూడున్నరేళ్ళ మాటలు ఏ కోర్టులోనూ పనికిరావని ప్రాసిక్యూషన్‌కు తెలుసు. అందుకని 2007 జనవరిలో ఎఫ్‌బీఐ మనుషులను పంపి, మర్యాదగా కూర్చోబెట్టి, అవే ప్రశ్నలు మళ్ళీ అడిగించారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరుకు తెలుగు చెప్పాలంటే 'శుభ్రమైన బృందం'.

కల్నల్: అందులో తప్పేముంది? బెదిరింపు లేదు, దెబ్బ లేదు. తన నోటితో తనే చెప్పాడు. పైగా ఖాలిద్ షేక్ తన పనిని గొప్పగా చెప్పుకునే మనిషి.

న్యాయవాది: నాలుగేళ్ళు కొట్టిన ఇంటికి ఎదురుగానే టీ ఇచ్చి అడిగితే, నిన్నటి దెబ్బ మనసులోంచి పోతుందా? మా దగ్గర మేజిస్ట్రేటు నేరాంగీకార వాంగ్మూలం రాసేముందు ముద్దాయిని పోలీసుల నుంచి వేరు చేస్తాడు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇస్తాడు. చెప్పకపోయినా మళ్ళీ పోలీసుల చేతికి అప్పగించనని భరోసా ఇస్తాడు. ఆ భరోసా గ్వాంటనామోలో ఎవరిచ్చారు? నా మాట వద్దు, మీ సైనిక జడ్జీల మాటే వినండి. నషీరీ కేసులో 2023 ఆగస్టులో జడ్జి ఆ 'శుభ్రమైన' వాంగ్మూలాన్ని తోసేశాడు. సెప్టెంబరు 11 కేసులోనే అమ్మార్ అల్ బలూచీ వాంగ్మూలాన్ని 2025 ఏప్రిల్‌లో కల్నల్ మెక్‌కాల్ కొట్టేశాడు. యూనిఫారం వేసుకున్న జడ్జీలే.

కల్నల్: అదే నేనూ చెబుతున్నాను! సైనికాధికారి అంటే పైవాడు చెప్పినట్టు తలాడిస్తాడని మీవాళ్ళ అపోహ. హమ్దాన్‌కు ముప్పై ఏళ్ళకు తక్కువ కాకుండా వేయమని ప్రాసిక్యూటర్లు అడిగారు. ఆరుగురు అధికారులు కూర్చుని అయిదున్నరేళ్ళు వేశారు. అప్పటికే 61 నెలలు లోపలున్నాడని అదీ తీసేశారు. కొన్ని నెలల్లో అతడు యెమెన్ వెళ్ళిపోయాడు. 2021లో గ్వాంటనామో ఖైదీ మాజిద్ ఖాన్ తనకు రహస్య జైళ్ళలో ఏమేం జరిగిందో కోర్టులో నిలబడి చెబితే, శిక్ష వేసిన ఎనిమిది మంది అధికారుల్లో ఏడుగురు అతనికి క్షమాభిక్ష పెట్టమని ఉత్తరం రాశారు. ఆ హింస అమెరికాకే మచ్చ అని రాశారు. ఏ సివిల్ జ్యూరీ రాసిందండీ అలాంటి ఉత్తరం?

ఇది గట్టి దెబ్బే. మిలిటరీ కమిషన్లు కఠినంగా ఉంటాయనీ, మామూలు కోర్టులు మెతకగా ఉంటాయనీ ఉభయ పక్షాలూ అనుకుంటాయి. ఫలితాలు చాలాచోట్ల తలకిందులుగా ఉన్నాయి. డ్రైవరుకు కమిషన్‌లో అయిదున్నరేళ్ళు, ఒక్క అభియోగం రుజువైన ఘయిలానీకి న్యూయార్క్‌లో యావజ్జీవం. 2001 నుంచి కమిషన్లు తేల్చిన శిక్షలు డజను దాటలేదు. వాటిలోనూ కొన్ని అప్పీల్లో పోయాయి. హమ్దాన్ శిక్షను 2012లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది.

న్యాయవాది: అధికారుల నిజాయితీని నేను శంకించడం లేదు. కోర్టు వాళ్ళ చేతుల్లో లేకపోవడమే నా బాధ. గ్వాంటనామో కోర్టు హాలు ఎలా ఉంటుందో చూడండి. మృతుల బంధువులు, విలేకరులు మందపాటి అద్దాల వెనక కూర్చుంటారు. మాట వాళ్ళకు నలభై సెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. జడ్జి రాగానే అందరూ లేచి నిలబడటం కనబడుతుంది. లేవండి అన్న మాట నలభై సెకన్ల తర్వాత వస్తుంది. రహస్యమేదైనా నోరు జారితే జడ్జి దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది, అవతల శబ్దం ఆగిపోతుంది. 2013 జనవరిలో ఒక రోజు జడ్జి పోల్ చేయి కూడా కదపకుండానే శబ్దం ఆగిపోయింది. కోర్టు బయట ఎక్కడో కూర్చున్న నిఘా అధికారి మీట నొక్కాడు. ఎవరు నొక్కారో జడ్జికే తెలియదు. తన కోర్టుకు తనే యజమాని కాని జడ్జిని మీరు జడ్జి అంటారా?

కల్నల్: అలా బయట నుంచి నొక్కకూడదని అదే జడ్జి ఉత్తర్వు ఇచ్చాడు. అయినా రహస్యాలు కాపాడొద్దంటారా? మనిషిని ఎవరు పట్టిచ్చారు, ఏ దేశం జైలు ఇచ్చింది, ఇవన్నీ బజారున పెడితే రేపు ఎవడు సహకరిస్తాడు?

న్యాయవాది: కాపాడొచ్చు. 1980 నుంచి అమెరికా ఫెడరల్ కోర్టుల్లో దానికి వేరే చట్టముంది. రహస్య పత్రం ఏది, దాని బదులు ఏ సారాంశం ఇవ్వాలి అని జడ్జే విచారణకు ముందు తేలుస్తాడు. గూఢచారుల కేసులన్నీ అలాగే నడిచాయి. ఇక్కడ దాచేది పట్టిచ్చినవాడి పేరు కాదు, కొట్టినవాడి చేయి. ఖైదీ తన ఒంటి మీద జరిగింది తను చెప్పినా అది రహస్యమేనని ఏళ్ళ తరబడి వాదించారు.

కల్నల్ ఇక్కడ తన చేతిలోని అసలు ప్రశ్న బయటపెడతాడు. ఇది ఆవిడకే కాదు, హోల్డర్‌కూ జవాబు దొరకని ప్రశ్న.

కల్నల్: సరే మేడమ్. మీరన్నట్టే న్యూయార్క్‌లో జ్యూరీ ఎదుట పెట్టారనుకోండి. జ్యూరీ నిర్దోషి అంది. ఖాలిద్ షేక్ మొహమ్మద్‌ను ట్యాక్సీ ఎక్కించి పంపిస్తారా? హోల్డర్‌ను సెనేట్‌లో ఇదే అడిగితే ఓడిపోవడమన్న మాటే లేదన్నాడు. కేసు పోయినా వదిలేది లేదని ప్రభుత్వమే చెప్పింది. శత్రుసైనికుడిగా నిర్బంధంలోనే ఉంచుతారట. గెలిస్తే ఉరి, ఓడితే జైలు. దీన్ని విచారణ అంటారా, నాటకమంటారా? అంతకంటే కమిషనే నయం. అది యుద్ధమనే చెబుతుంది, కోర్టు వేషం వేయదు.

న్యాయవాది: ... నిర్దోషి అన్నవాణ్ణి వదలాలి. వదలలేనంటే కోర్టుకు తీసుకురాకూడదు. మక్కా మసీదు కేసులో మనం చూశాం. 2007 మే 18న పేలుడు. మొదట పట్టుకున్న కుర్రాళ్ళు వేరు, చివరికి ఎన్ఐఏ బోనెక్కించినవాళ్ళు వేరు. 2018 ఏప్రిల్‌లో నాంపల్లి కోర్టు ఆ అయిదుగురినీ నిర్దోషులంది. ఆ రోజు చనిపోయినవాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో నాకు తెలుసు, ఆ బాధకు నా దగ్గర మాట లేదు. కానీ తీర్పు వచ్చింది, తలుపు తెరిచారు. కోర్టంటే ఆ తలుపు కూడా ఉండాలి.

కల్నల్: తలుపు తెరవడం గొప్ప అంటారు. బాంబు పెట్టిందెవరో పదకొండేళ్ళకూ తేలలేదే.

న్యాయవాది: తేలలేదు. ఒప్పుకుంటాను.

ఈ ఒప్పుకోలుతో వాదం కసబ్ దగ్గరికి వస్తుంది. 166 మంది ప్రాణాలు తీసిన ముంబయి దాడిలో సజీవంగా దొరికిన ఒకే ఒక్కడు అతడు. అతని తరఫున నిలబడవద్దని అక్కడి న్యాయవాదులు కొందరు తీర్మానించుకున్నారు. కోర్టు నియమించిన న్యాయవాది ఇంటి ముందు అల్లరి జరిగింది. అయినా ప్రత్యేక కోర్టు జడ్జి తహలియానీ మామూలు సాక్ష్యపు చట్టంతోనే విచారణ నడిపాడు. 2009 జూలైలో కసబ్ హఠాత్తుగా లేచి నేరం ఒప్పుకుంటానన్నాడు. జడ్జి అక్కడితో పుస్తకం మూసేయొచ్చు. మూయలేదు. సాక్షులను పిలుస్తూనే పోయాడు. మొత్తం ఆరువందలకు పైగా సాక్ష్యాలు రికార్డయ్యాయి. 2010 మే 6న కసబ్‌కు ఉరిశిక్ష వేశాడు. స్థానిక సహాయకులంటూ అతనితోపాటు బోనెక్కించిన ఇద్దరు భారతీయులను సాక్ష్యం చాలదని వదిలేశాడు. 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు శిక్షను ఖరారు చేసింది. అరెస్టయిన ముద్దాయిని మొదటిసారి ముందు నిలబెట్టినప్పుడే, లాయరు పెట్టుకునే హక్కు ఉందని మేజిస్ట్రేటు చెప్పి తీరాలన్న నియమం ఆ తీర్పులోదే. ఆ నియమానికి కారణమైనవాడు 2012 నవంబరు 21న యెరవాడ జైల్లో ఉరికంబమెక్కాడు. దాడికీ ఉరికీ మధ్య అయిదు రోజులు తక్కువ నాలుగేళ్ళు.

కల్నల్: కసబ్‌ను కెమెరాలు పట్టాయి. రైల్వేస్టేషన్‌లో తుపాకీతో నడుస్తున్న ఫొటో ఉంది. ఖాలిద్ షేక్ ఆఫీసు గదిలో కూర్చుని పథకం వేసినవాడు. రెండూ ఒకటి కావు.

న్యాయవాది: కావు. కానీ కసబ్‌ను దొరికినరోజు నుంచి మూడున్నరేళ్ళు మాయం చేసి ఉంటే, ఆ ఫొటో ఉన్నా కేసు ఇప్పటికీ నడుస్తూ ఉండేది.

వాదన ఇంతదూరం వచ్చాక కల్నల్ వాదానికి బలమైన ఆధారాలు మిగిలినా, ఫలితం మాత్రం ఆయన పక్షాన లేదు. కమిషన్లు కావాలన్నవాళ్ళు మొదట చెప్పిన కారణం వేగం. 2012 మే 5న ఆ అయిదుగురిని గ్వాంటనామో కోర్టులో నిలబెట్టి అభియోగాలు వినిపించడానికే పదమూడు గంటలు పట్టింది. ఆ తర్వాత కనీసం నలుగురు జడ్జీలు మారారు. అయిదుగురిలో రంజీ బినల్‌షిబ్ మానసిక స్థితి విచారణకు తగదని 2023లో తేల్చారు. 2024 జూలై 31న ముగ్గురు నేరం ఒప్పుకుని, ఉరి తప్పించుకుని, మృతుల కుటుంబాల ప్రశ్నలకు జవాబులు చెప్పడానికి ఒప్పందం కుదిరింది. రెండు రోజులకే రక్షణమంత్రి ఆస్టిన్ దాన్ని రద్దు చేశాడు. రద్దు చెల్లదని సైనిక జడ్జి అన్నాడు. చెల్లుతుందని ఫెడరల్ అప్పీల్ కోర్టు 2025 జూలై 11న 2-1తో తీర్పు చెప్పింది.

ఆ తీర్పు నాటికి దాడులు జరిగి ఇరవై మూడేళ్ళు దాటింది. 2,977 మంది మరణించిన ఆ కేసులో పన్నెండు మంది అధికారుల ఎంపిక కూడా ఇంకా మొదలు కాలేదు.